దవడ టక్ మంటా ఉందా, నోరు తెరిస్తే నొప్పా? ఇంట్లో ఏం చేయాలి, ఎప్పుడు డాక్టర్ దగ్గరికి పోవాలి

చెవి ముందర నొప్పి అని చెవి డాక్టర్ దగ్గరికి పోతారు, ఆయన లైటేసి చూసి చెవిలో ఏం లేదమ్మా అంటాడు, సరే అని పంటి డాక్టర్ దగ్గరికి పోతే పళ్ళు బాగానే ఉన్నాయి అంటారు, ఇంక తలనొప్పి మాత్రలు మింగతా నెలలు గడిపేస్తారు. ఇట్లా తిరిగేవాళ్ళు మన తిరుపతి, చిత్తూరు పక్క శానామందే ఉన్నారు. వాళ్ళల్లో చాలామందికి అసలు ఇబ్బంది దవడ కీలులోనో, దవడని ఆడించే కండరాల్లోనో ఉంటుంది. చీటీలో టీఎంజే అనో టీఎండీ అనో రాస్తారు చూడండి, అదే ఇది.

ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తా. ఈ నొప్పి ఎక్కువమందికి దవడకి రెస్ట్ ఇచ్చి, అలవాట్లు మార్చుకుని, రొంత ఎక్సర్‌సైజు చేస్తే తగ్గిపోతుంది. అందుకని మొదట్లోనే పళ్ళు అరగదీయించుకోవడం, మంచి పన్ను పీకించుకోవడం, ఆపరేషన్ లాంటివాటికి ఒప్పుకోవద్దు, అవి ఒకసారి చేస్తే మళ్ళీ వెనక్కి రావు. అట్లని అన్నీ ఇంట్లోనే చూసుకునేవి కూడా కాదు, కొన్ని గుర్తులు కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి పోవాలి, అవి కింద చెప్తాను.

అసలు అక్కడ ఏముంది

చెవి ముందర రెండు పక్కలా వేళ్ళు పెట్టుకుని నోరు మెల్లగా తెరిచి మూయండి, లోపల ఏదో గుండ్రంగా కదిలి ముందుకి జరిగినట్టు తెలుస్తుంది. అదే దవడ కీలు. కింది దవడ ఎముక తల, పైన కణత ఎముకలో ఉన్న గుంటలో కూర్చుని ఉంటుంది, రెండిటి మధ్యలో మెత్తటి డిస్క్ ఒకటి ఉంటుంది. నోరు రొంత తెరిచినప్పుడు ఆ తల ఉన్నచోటే తిరుగుతుంది, ఇంకా పెద్దగా తెరిస్తే గుంటలోంచి ముందుకి జారుతుంది, డిస్క్ కూడా దాంతోపాటే జరగాలి. తిరగడం, జారడం రెండూ చేయాలి, పైగా కుడి కీలు, ఎడమ కీలు రెండూ ఒకే ఎముకకి ఉన్నాయి కాబట్టి ఒకటి మొరాయిస్తే రెండోదాని మీద కూడా భారం పడుతుంది.

ఆ డిస్క్ ఉండాల్సిన చోటు నుంచి రొంత ముందుకి జరిగి ఉంటే, నోరు తెరిచేటప్పుడు ఎముక తల దాని మీదికి ఎక్కుతుంది, అప్పుడే టక్ మని సౌండ్ వస్తుంది. ఒట్టి సౌండే వస్తా నొప్పి లేకుండా, నోరు మామూలుగానే తెరుచుకుంటా ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. ఈ సంగతి ఎంత చెప్పినా నమ్మరు, సౌండ్ వస్తా ఉందంటే ఎముక అరిగిపోతా ఉంది అనుకుని భయపడి పదే పదే దవడ ఆడించి సౌండ్ వస్తుందా లేదా అని చూసుకుంటా ఉంటారు, అట్లా చూసుకోవడమే దాన్ని రేపుతుంది. టక్ మనడం ఒక రకం, గరగరమని ఇసుక నలిగినట్టు రావడం ఇంకో రకం. రెండోది కీలు అరుగుదల ఉన్నవాళ్ళల్లో వస్తుంది, దాన్ని మాత్రం ఒకసారి చూపించుకోండి.

ఎక్కువమందికి వచ్చేది మాత్రం కీలు నొప్పి కాదు, కండరం నొప్పి. పళ్ళు బిగించి బుగ్గ మీద చెయ్యి పెడితే గట్టిగా ఉబ్బుతుంది చూడండి, అదొక కండరం, కణత దగ్గర ఉబ్బేది ఇంకొకటి. రాత్రంతా పళ్ళు కొరుకుతా పడుకున్నవాళ్ళకి, పగలంతా తెలీకుండా పళ్ళు బిగించే వాళ్ళకి ఇవి అలిసిపోతాయి, అలిపిరి మెట్లు ఎక్కిన మర్నాడు పిక్కలు పట్టేస్తాయి కదా, అట్లాంటి నొప్పే. పొద్దున లేవంగానే కణతల్లో నొప్పి, దవడ బిర్రుగా ఉండడం దీని గుర్తు. చెవిలో పోటు ఎందుకొస్తుందంటే కీలుకి పోయే నరమే చెవి ముందర భాగానికి కూడా పోతుంది, అందుకే చెవికేం లేకపోయినా చెవి నొప్పి అనిపిస్తుంది. దయచేసి దానికని చెవిలో కాచిన నూనె, వెల్లుల్లి రసం పోసుకోవద్దు, లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

ఎవరికి ఎక్కువ అంటే 20 నుంచి 40 ఏళ్ళ మధ్య వయసువాళ్ళకి, మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకి ఎక్కువ. టెన్షన్ కి దీనికి గట్టి సంబంధం ఉంది, పరీక్షల ముందర యూనివర్సిటీ హాస్టళ్ళలో ఉండే పిల్లలు, కోచింగ్ సెంటర్లలో పొద్దున నుంచి రాత్రి దాకా తల వంచి కూర్చునేవాళ్ళు, ఇంటి నుంచే పని చేస్తా లాప్‌టాప్ లోకి మెడ చాచి కూర్చునే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, వీళ్ళందరికీ పళ్ళు బిగించే అలవాటు వచ్చే ఛాన్స్ ఉంది. డిప్రెషన్ కో యాంగ్జయిటీకో వాడే సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఓక్సెటిన్ లాంటి మాత్రలతో కూడా కొంతమందికి పళ్ళు కొరకడం మొదలవుతుంది, అట్లుంటే మీ అంతట మీరు మాత్ర ఆపేయకుండా రాసిన డాక్టర్ కి చెప్పండి. ఇంక చిన్న పిలకాయలు నిద్రలో పళ్ళు కొరికితే కడుపులో పురుగులు అంటారు మన పెద్దవాళ్ళు, ఆ ఒక్క గుర్తు చూసి పురుగుల మందు తాగించాల్సిన పని లేదు, చాలామందికి పెద్దయ్యేకొద్దీ అదే పోతుంది.

అద్దం ముందు చూసుకోండి

మీ చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు మూడూ నిలువుగా పెట్టి పై పన్నుకి కింది పన్నుకి మధ్యలో పట్టిస్తే పట్టాలి, అంటే సుమారు 40 మిల్లీమీటర్లు. రెండు వేళ్ళే పడతా ఉంటే నోరు తెరుచుకోవడం తగ్గినట్టు. తర్వాత అద్దంలో చూస్తా మెల్లగా తెరవండి. గడ్డం ఒక పక్కకి పోయి టక్ మని మళ్ళీ మధ్యకి వస్తే డిస్క్ జరిగి మళ్ళీ కూర్చుంటా ఉంది అని అర్థం. ఒక పక్కకే పోయి అట్లే ఉండిపోతే, అంతకుముందు వచ్చే సౌండ్ కూడా ఆగిపోయి నోరు సగమే తెరుచుకుంటా ఉంటే, డిస్క్ అడ్డం పడి కూర్చుంది అనుకోవచ్చు. సౌండ్ పోయింది కదా తగ్గిపోయింది అని కొందరు సంతోషపడతారు, నోరు తెరుచుకోవడం కూడా తగ్గిందంటే అది తగ్గడం కాదు, లేట్ చేయకుండా ఆ వారంలోనే చూపించుకోండి.

ఇంట్లో చేయాల్సింది

అన్నిటికన్నా ముందు, అన్నిటికన్నా ఎక్కువ పని చేసేది ఒకటుంది, పైసా ఖర్చు లేదు. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప మన పై పళ్ళు కింది పళ్ళు ఒకదానికొకటి తగలకూడదు. పెదాలు మూసి ఉండాలి, పళ్ళ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి, నాలుక కొస పై పళ్ళ వెనకాల అంగిట్లో మెత్తగా ఆనుకుని ఉండాలి, న అనే అక్షరం పలికితే నాలుక ఎక్కడ ఆనుతుందో దాదాపు అక్కడే. ఇప్పుడు ఇది చదువుతా ఉన్నప్పుడు మీ పళ్ళు ఎట్లున్నాయో ఒకసారి చూసుకోండి. శానామందికి తగిలే ఉంటాయి, అదే మామూలు అనుకుంటారు. దీన్ని మానాలంటే ఒట్టిగా అనుకుంటే చాలదు, ఫోన్ లో గంటకోసారి అలారం పెట్టుకోండి, లాప్‌టాప్ మీద, బండి స్పీడోమీటర్ పక్కన, వంటింట్లో స్టవ్ ఎదురుగా చిన్న రంగు చుక్క స్టిక్కర్ అతికించండి, అది కంటపడినప్పుడల్లా పళ్ళు విడదీసి, భుజాలు దించి, ఒక ఊపిరి మెల్లగా వదలండి. మొదటి వారం విసుగొస్తుంది, వదలొద్దు, రెండు మూడు వారాలకి దానంతటదే అలవాటు పడుతుంది.

తిండి సంగతి. రెండు వారాలు గట్టివి పక్కన పెట్టండి: నిప్పట్లు, మురుకులు, వేయించిన చెనక్కాయలు, చెరకు, మటన్ బొక్కలు, గట్టి జామకాయ, చూయింగ్ గమ్, వక్క. తిరుమల వడ కూడా గట్టిదే, ప్రసాదం వద్దనలేం కదా, చిన్న ముక్క తుంచి పాలలోనో రసంలోనో నానబెట్టుకోండి, లడ్డులో కలకండ పలుకులు ఉంటాయి, కొరక్కుండా పక్కకి తీసి చప్పరించండి. మామిడికాయల సీజన్లో కాయని పళ్ళతో కొరికి తినడం కాకుండా ముక్కలు కోసుకోండి, కొరికేటప్పుడు నోరు పెద్దగా తెరవాలి, ముందుపళ్ళతో లాగాలి, రెండూ కీలుకి పడవు. మన అదృష్టం ఏందంటే మన పక్క తిండిలో దవడకి సరిపోయేది చాలా ఉంది, రాగి సంగటి అయితే నమిలే పనే లేదు, పప్పులోనో పులుసులోనో ముంచి మింగడమే. ఇడ్లీ, పెరుగన్నం, మెత్తగా ఉడికిన పప్పు, ఆమ్లెట్, అరటిపండు, చేపల పులుసు ముల్లు తీసి, ఇవన్నీ తినొచ్చు. ఒక పక్కనే నమిలే అలవాటు ఉంటే, ఎక్కువసార్లు రెండో పక్క పన్ను పుచ్చిపోయో, పీకేసి కట్టించుకోకో అట్లా చేస్తా ఉంటారు, ముందు ఆ పంటి సంగతి చూపించుకుంటే సగం భారం తగ్గుతుంది.

కాపడం. టవల్ ని వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండి రెండు బుగ్గల మీద కణతల దాకా 15 నుంచి 20 నిమిషాలు పెట్టుకోండి, రోజుకి రెండు మూడు సార్లు. ఉప్పు మూట కూడా పని చేస్తుంది కానీ బుగ్గ మీద పెట్టే ముందు వేడి ఎంతుందో మోచేతి దగ్గర చూసుకోండి, షుగర్ ఉండి స్పర్శ తగ్గినవాళ్ళు ఇంకా జాగ్రత్త. దెబ్బ తగిలి వాచి ఉంటే మాత్రం మొదటి రెండు రోజులు వేడి వద్దు, ఐసు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టాలి.

కాపడం అయినాక బుగ్గ కండరాన్ని వేళ్ళతో గుండ్రంగా మెల్లగా రుద్దండి, కణతలు కూడా. తర్వాత ఎక్సర్‌సైజు. నాలుక కొస అంగిట్లో అట్లే ఆనించి పెట్టి, నాలుక ఊడిరాకుండా ఎంతవరకు తెరుచుకుంటుందో అంతవరకే నోరు తెరిచి మూయాలి, అద్దంలో చూస్తా గడ్డం పక్కకి పోకుండా చూసుకోవాలి. ఆరుసార్లు చేస్తే ఒక విడత, రోజుకి అట్లాంటి విడతలు ఆరు. ఇంకోటి మెడది, గోడకి వీపు ఆనించి నిలబడి గడ్డాన్ని లోపలికి లాక్కుని తల వెనక భాగం గోడకి తగిలేలా ఐదు సెకన్లు ఉంచి వదలాలి. మెడ ముందుకి చాచి కూర్చుంటే దవడ కండరాలు కూడా బిగుసుకుంటాయి, అందుకే ఫిజియోథెరపిస్టులు మెడని వదిలిపెట్టి దవడ ఒక్కటే చూడరు. చేసేటప్పుడు రొంత లాగినట్టు ఉండొచ్చు, నొప్పి పెరిగితే ఆపేయాలి, బలవంతంగా వేళ్ళతో తెరిచి సాగదీయడం ఫిజియో నేర్పకుండా చేయొద్దు.

ఆవలింత వచ్చినప్పుడు పిడికిలి గడ్డం కింద పెట్టి ఆపండి. బోర్లా పడుకోవద్దు, చెయ్యి దవడ కింద పెట్టుకుని పడుకోవద్దు. రాత్రి పూట కాఫీ, సిగరెట్, మందు పళ్ళు కొరకడాన్ని పెంచుతాయి. గురక గట్టిగా పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతా ఉంటే అది వేరే చూపించుకోవాలి, దానికి దీనికి లింకు ఉండొచ్చు.

మాత్రల గురించి రొంతే చెప్తా. ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు తిన్నాక కొద్దిరోజులు వేసుకుంటే పనికొస్తాయి, కానీ అల్సర్, కిడ్నీ, గుండె, బీపీ ఉన్నవాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టొద్దు. మెడికల్ షాపులో చెప్పి తెచ్చుకుని నెలల తరబడి మింగేవాళ్ళున్నారు, అది అస్సలు మంచిది కాదు.

తగ్గకపోతే ఎవరి దగ్గరికి

ఇవన్నీ నాలుగైదు వారాలు సరిగ్గా చేసినా తగ్గకపోతే, లేదంటే నోరు తెరుచుకోవడం తగ్గిపోతా ఉంటే చూపించుకోవాలి. తిరుపతిలో అయితే రేణిగుంట రోడ్డులో సీకేఎస్ తేజ డెంటల్ కాలేజీ ఉంది, డెంటల్ కాలేజీకి పోతే ఓరల్ మెడిసిన్ డిపార్ట్‌మెంట్ అడగండి, దవడ నొప్పికి ముందు చూసేది వాళ్ళే, ఆపరేషన్ సంగతులకి మాక్సిలోఫేషియల్ సర్జన్లు, అంటే దవడ, మొహం ఎముకల సర్జన్లు ఉంటారు. దెబ్బలు, దవడ జారడం లాంటి ఎమర్జెన్సీకి రుయా ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీ ఉంది. చిత్తూరు వాళ్ళు ఎట్లాగూ వేలూరు సీఎంసీకి పోతా ఉంటారు, అక్కడ కూడా డెంటల్ విభాగం ఉంది.

నైట్ గార్డ్ అని ఒకటి చేసిస్తారు, పళ్ళ అచ్చు తీసుకుని గట్టి ప్లాస్టిక్ తో చేస్తారు, రాత్రి పూట పెట్టుకోవాలి. అది పళ్ళు అరిగిపోకుండా కాపాడుతుంది, కొంతమందికి నొప్పి కూడా తగ్గుతుంది, కానీ కొరికే అలవాటుని మాన్పించదు. ఆన్‌లైన్ లో దొరికే మెత్తటి రబ్బరువి కొనొద్దు, కొందరు దాన్ని నమిలినట్టు ఇంకా ఎక్కువ బిగిస్తారు. కొన్ని పళ్ళకే తగిలేది నెలల తరబడి పెట్టుకుంటే పళ్ళు కదిలి, పై పళ్ళు కింది పళ్ళు కలిసి కూర్చునే తీరే మారిపోవచ్చు, అన్ని పళ్ళనీ కప్పేది, డాక్టర్ చూసి సరిచేసి ఇచ్చేదే వాడాలి.

2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో దీర్ఘకాలం ఉండే దవడ నొప్పికి ఒక గైడ్‌లైన్ వచ్చింది. అందులో గట్టిగా సిఫార్సు చేసినవి ఏవంటే దవడ ఎక్సర్‌సైజులు, ఫిజియో చేత్తో కీలుని కదిలించడం, కండరంలో నొప్పి ముడులు నొక్కి వదిలించడం, మెడ భంగిమ సరిచేసే ఎక్సర్‌సైజులు, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. గట్టిగా వద్దన్నవాటిలో పళ్ళ అమరికని శాశ్వతంగా మార్చేసే ప్లేట్లు, డిస్క్ తీసేసే ఆపరేషన్ ఉన్నాయి. మామూలుగా వేసే గార్డులు, బొటాక్స్ ఇంజెక్షన్లు, లేజర్ ఇవన్నీ కూడా వద్దనే వైపే చెప్పారు, కాకపోతే అంత గట్టిగా కాదు. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటే మాకేమన్నా పిచ్చా అని కోపం తెచ్చుకోవద్దు, నొప్పి నిజమే, బిగించడం కూడా నిజమే, టెన్షన్ వచ్చినప్పుడు ఒళ్ళు బిగుసుకోకుండా ఉండేదానికి ఇచ్చే ట్రైనింగ్ అది.

స్కానింగ్ అందరికీ అక్కర్లేదు. దవడ మొత్తం పడేలా తీసే ఓపీజీ ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, డిస్క్ కనిపించదు, డిస్క్ చూడాలంటే ఎమ్మారై, అది కూడా నోరు లాక్ అయినప్పుడో, సర్జరీ ఆలోచన ఉన్నప్పుడో తీస్తారు. లాక్ అయిన కీలుకి రెండు సూదులు పెట్టి సెలైన్ లాంటి ద్రవంతో కడిగే పద్ధతి ఉంది, ఆర్థ్రోసెంటెసిస్ అంటారు, 1991 నుంచి వాడుకలో ఉంది, కోత లేదు, మిగతావి ఫలించకపోతే డాక్టర్లు దీన్ని ఆలోచిస్తారు.

ఇవి దవడ కీలు నొప్పి అనుకుని ఇంట్లో కూర్చోవద్దు

దవడ నొప్పితోపాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చెయ్యి లాగడం ఉంటే, మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే తగ్గే దవడ నొప్పి అయినా సరే, అది గుండె కావచ్చు. 108 కి ఫోన్ చేయండి, కాపడం పెట్టుకుంటా కూర్చోవద్దు.

50 దాటినవాళ్ళకి కొత్తగా కణతల్లో నొప్పి, నమిలే కొద్దీ దవడ అలిసిపోయి ఆగిపోవాల్సి రావడం, చూపు మసకబారడం, ఇది రక్తనాళాల వాపు కావచ్చు, కళ్ళు పోయే ప్రమాదం ఉంది, అదే రోజు పోవాలి. గాయం అయిన కొన్ని రోజులకో వారాలకో దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం అని అనుమానించాలి. జ్వరం, బుగ్గ వాపు, జ్ఞానదంతం దగ్గర చీము ఉండి నోరు తెరుచుకోకపోతే ఇన్ఫెక్షన్, దానికి కూడా ఆగొద్దు.

వక్క, గుట్కా, పాన్ మసాలా అలవాటున్నవాళ్ళు ఇది బాగా చదవండి. నోరు నెలల మీద మెల్లగా మెల్లగా తెరుచుకోవడం తగ్గిపోతా, కారం తగిలితే భగ్గుమంటా, బుగ్గ లోపల తెల్లగా పాలిపోయి తాళ్ళు కట్టినట్టు గట్టిపడతా ఉంటే అది కీలు జబ్బు కాదు, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, క్యాన్సర్ గా మారే అవకాశం ఉన్న జబ్బు. ఈరోజే మానేసి ఓరల్ మెడిసిన్ లో చూపించుకోండి.

ఆవలించినప్పుడో పన్ను పీకేటప్పుడో నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోతే దవడ జారినట్టు. గడ్డం కింద గుడ్డ ఆనించి పట్టుకుని క్యాజువాలిటీకి తీసుకుపోండి, డాక్టర్ బొటనవేళ్ళు కింది దంతాల మీద పెట్టి కిందికి, వెనక్కి నొక్కి కూర్చోబెడతారు. ఇంట్లోవాళ్ళు బలవంతంగా మూయించాలని చూడొద్దు. కూర్చున్నాక రెండు మూడు వారాలు నోరు పెద్దగా తెరవకూడదు.

ఇంక ఆఖరిది పిలకాయల గురించి, నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది. సైకిల్ మీద నుంచో మిద్దె మెట్ల మీద నుంచో పడి గడ్డానికి దెబ్బ తగుల్తుంది, రక్తం వచ్చిన చోట కుట్లేయించి వదిలేస్తారు, చెవి దగ్గర కీలు ఎముక చిట్లింది అని ఎవరూ చూడరు. తర్వాత ఆ కీలు ఎముక మెల్లగా అతుక్కుపోతుంది, నోరు వేలెడు కూడా తెరుచుకోదు, గడ్డం పెరగదు, మొహం ఒక పక్కకి పోతుంది, నిద్రలో ఊపిరి ఆడదు. చెవిలో చీము ఇన్ఫెక్షన్ ముదిరినా ఇట్లా కావచ్చు. మన పక్క ఎముక దెబ్బ అంటే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది, చేతికి కాలికి తరతరాలుగా జనం అక్కడికి పోతున్నారు, కానీ పిల్లల దవడ కీలు దెబ్బకి కట్టు కట్టి రోజుల తరబడి కదలకుండా ఉంచేస్తేనే అతుక్కుపోయే ప్రమాదం ఎక్కువ, అది డాక్టర్ చూపుతో తొందరగా కదిలించాల్సిన కీలు. అందుకని గడ్డం మీద పడ్డ బిడ్డకి కుట్లతోపాటు కీలు ఎక్స్‌రే తీయమని అడగండి, తర్వాత కొన్ని నెలల పాటు బిడ్డ వేళ్ళు మూడు వాడి నోట్లోనే నిలువుగా పడతా ఉన్నాయా లేదా అని వారానికోసారి చూడండి, తగ్గతా ఉంటే వెంటనే మాక్సిలోఫేషియల్ సర్జన్ దగ్గరికి తీసుకుపోండి.